కదలకుండా కూర్చునే చలి

చలి నాకు కొత్త కాదనుకునేదాన్ని. సుపీరియర్ సరస్సు ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని. మనిషెత్తు మంచు గోడల మధ్య నడుచుకుంటూ బడికి వెళ్ళి వచ్చినదాన్ని. మా నాన్న మంగలి షాపు ముందు రోజూ పొద్దున్నే పారతో మంచు ఎత్తిపోసింది నేనే. అలాంటి నాకు చలి గురించి ఇంకొకళ్ళు చెప్పాలా అని లోలోపల కాస్త గీర ఉండేది. ఆ గీర వదలగొట్టింది మా అత్తగారు, సైమి రింటాలా. వదలగొట్టడమే కాదు, ఇవాళ ఇది చెప్పుకోవడానికి నేను మిగిలి ఉన్నానంటే ఆవిడ చలవే.

డేల్‌ను పెళ్ళి చేసుకుని అడవి అంచున ఉన్న వాళ్ళ పొలానికి కాపురానికొచ్చి అప్పటికి రెండేళ్ళు. మాది ఇటలీ నుంచి వచ్చిన కుటుంబం. మా పుట్టింట్లో నలుగురు కూర్చుంటే నలుగురూ ఒకేసారి మాట్లాడతారు. రింటాలా వాళ్ళ పెద్దలు ఫిన్లండ్ నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళింట్లో నలుగురు కూర్చుంటే గోడ గడియారం చప్పుడు వినిపిస్తుంది. మామగారు ఆర్వో అప్పుడప్పుడైనా ఏదో ఒక వేళాకోళం ఆడేవారు. అత్తగారి దగ్గర అదీ లేదు. నేను వండి పెడితే తినేవారు, కంచం కడిగేసేవారు, పొయ్యిలో ఇంకో కట్టె వేసి ఊలు అల్లుకుంటూ కూర్చునేవారు.

"బాగుందా అత్తయ్యా?" అని ఆశగా అడిగితే, "వేడిగా ఉంది" అనేవారు.

నేను ఆవిడకు నచ్చలేదని తీర్మానించుకున్నాను. డేల్‌తో అంటే నవ్వేవాడు. "నచ్చకపోతే ఆ మాత్రం కూడా అనదు" అనేవాడు. నాకు నమ్మకం కుదిరేది కాదు.

ఆ ఏడు అక్టోబరు చివర్లో మామగారు ఆవిరి స్నానం చేసే సౌనా గది పొగగొట్టం బాగు చేద్దామని కప్పెక్కి జారిపడ్డారు. కాలు విరిగింది. డేల్ ఇనుపరాయి మోసే ఓడలో పనిచేసేవాడు. సరస్సు గడ్డకట్టి ఓడలు ఆగేదాకా ఇల్లు చేరడు. నవంబరు పదిహేను చూస్తుండగానే దగ్గరికొచ్చేసింది. మా వైపు ఆ తేదీ పేరెత్తితే చాలు, దేనికని ఎవరూ అడగరు. బడులకు సెలవు ఇస్తారు, పెళ్ళిళ్ళు వాయిదా వేసుకుంటారు. దుప్పుల వేట మొదలయ్యే రోజు అది. చలికాలమంతటికీ మా ఇంటి మాంసం ఆ రెండు వారాల్లోనే రావాలి.

కట్టు కట్టిన కాలు స్టూలు మీద చాపుకుని, మామగారు కిటికీలోంచి అడవి వైపు చూసి నిట్టూర్చారు. "ఈ ఏడు బంగాళాదుంపలే గతి."

"ఏం, నా తుపాకికి తుప్పు పట్టిందా?" అన్నారు అత్తగారు, అల్లిక మీంచి తలెత్తకుండా. ఆవిడ గురి గురించి మా ఊరంతా తెలుసు. "రెండో మంచె మీద కూర్చోడానికి ఇంకో మనిషి కావాలి. అంతే."

"ఇప్పుడు మనిషెక్కడ దొరుకుతాడే?"

"ఇంట్లోనే ఉందిగా" అని ఆవిడ అల్లిక సూదితో నా వైపు చూపించారు.

నేను అదిరిపడ్డాను. వేసవిలో డేల్ నాకు ఖాళీ డబ్బాల మీద గురిపెట్టడం నేర్పిన మాట నిజమే. డబ్బాలు బాగానే పడేవి కూడా. కానీ ప్రాణమున్న దాని మీద ఎప్పుడూ పేల్చలేదు. "నేనా?" అన్నాను. "డబ్బాలు కాదు కదా అత్తయ్యా అవి."

"డబ్బాలకంటే పెద్దవేలే" అన్నారు మామగారు. "తగలడం తేలిక."

వేట ముందురోజు సాయంత్రం అత్తగారు నా మంచం మీద బట్టలు పరిచి పెట్టారు. బూడిద రంగు ఊలు లోచొక్కా, ఊలు లోపాయిజామా. రెండూ ఆవిడ అల్లినవే. గొర్రె వాసన ఒకటి, దాని మీద కలరా ఉండల వాసన ఒకటి. లావాటి మేజోళ్ళు ఒక్క జత. మామగారి పెద్ద బూట్లు. వేళ్ళన్నీ ఒకే గూట్లో ఇమిడే దుప్పితోలు చేతి తొడుగులు. పరిచిపెట్టి, తలుపు దగ్గర నిలబడి చెప్పడం మొదలుపెట్టారు.

"ఒంటికి తగిలేది ఊలే ఉండాలి. నూలు వద్దు. నూలు చెమట తాగి తడిగా అతుక్కుని, నీ వేడంతా లాగేస్తుంది. మేజోళ్ళు ఒక్క జతే తొడుక్కో. బూటులో వేళ్ళు ఆడాలి. నడిచేటప్పుడు కోటు వేసుకోకు, వీపున కట్టుకో. మంచె చేరాక, ఒళ్ళు కాస్త చల్లారాక వేసుకో. నడుస్తున్నంతసేపూ నీకు చలెయ్యాలి. వెచ్చగా ఉందంటే ఎక్కడో తప్పు చేస్తున్నట్టే."

"సరే అత్తయ్యా."

"తినేది లోపలి జేబులో పెట్టుకో, ఒంటి వేడి తగలాలి. అస్తమానం కొంచెం కొంచెం తింటూ ఉండు. వణుకొస్తే భయపడకు, మంచిదే. వణుకు ఆగిపోతే భయపడు. మరీ చలేస్తే దిగి నా మంచె దగ్గరికి వచ్చెయ్. అందులో నామోషీ ఏం లేదు."

రెండేళ్ళలో ఆవిడ నాతో ఒక్క ఊపులో అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు. ఆ ఆశ్చర్యంలో ఆవిడ ముఖమే చూస్తూ ఉండిపోయాను గానీ మాటలు సగమే చెవికెక్కాయి.

తెల్లవారుజామున ఆవిడ నన్ను లేపి, తన మంచె ఇంకా దూరమని ముందే బయల్దేరారు. నేను ఆ ఊలు లోచొక్కా తల మీంచి వేసుకున్నానో లేదో, మెడంతా దురద. తీసి పక్కన పడేశాను. నా మెత్తటి నూలు బనీను వేసుకుని, దాని మీద డేల్‌వి రెండు నూలు స్వెట్‌షర్టులు తగిలించాను. ఒక జత మేజోళ్ళు ఏం సరిపోతాయని మూడు జతలు తొడిగి, పాదాలను బూట్లలోకి కుక్కాను. వీటన్నిటి మీదా కోటు. అప్పటికే ఆలస్యమైపోయింది, ఆకాశం తెల్లబడుతోంది. దుప్పులు కదిలేలోపు మంచె ఎక్కాలని మోకాలి లోతు మంచులో గట్టు ఎగబాకుతూ దాదాపు పరిగెత్తాను.

చేరేసరికి వీపు మీద చెమట ధార కడుతోంది. ఒళ్ళంతా హాయిగా వెచ్చగా ఉంది. ఈ మాత్రానికేనా అంత పాఠం చెప్పారు అనుకున్నాను.

మా మంచె అంటే పెద్దదేం కాదు. దగ్గర దగ్గరగా పెరిగిన మూడు హెమ్లాక్ చెట్ల మధ్య కొట్టిన పలకలు, వీపు ఆనించుకోవడానికి ఒక అడ్డకర్ర, ఎక్కడానికి నిచ్చెన. పైకెక్కి, గుళ్ళు తీసి ఉంచిన తుపాకిని తాడుతో పైకి లాక్కుని, గుళ్ళు నింపి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తెల్లవారింది. కింద మంచు మీద నీలం నీడలు. నల్లటోపీ పెట్టుకున్నట్టుండే చిన్న పిట్ట ఒకటి వచ్చి నా తుపాకి గొట్టం మీద వాలి, నన్ను ఎగాదిగా చూసి ఎగిరిపోయింది. ఎంత బాగుందో అనుకున్నాను. నిజంగానే బాగుంది.

ఆ తరవాత గాలి తిరిగింది. సరస్సు మీంచి వచ్చే వాయవ్యపు గాలి. పెద్దగా చప్పుడు చెయ్యదు, కోటు కుట్లలోంచి సూదిలా దిగుతుంది. ముందు వీపు మీది చెమట చల్లబడింది. ఎవరో తడిగుడ్డ ఆనించి పట్టుకున్నట్టు బనీను అతుక్కుపోయింది. తరవాత పాదాలు. వేళ్ళు కదుపుదామంటే మూడు జతల మేజోళ్ళ మధ్య కదలడానికి చోటు లేదు. బడికి నడిచే చలి వేరు, మంచు ఎత్తే చలి వేరు. ఆ చలిలో మనిషి కదులుతూ ఉంటాడు, ఒళ్ళు తన వేడి తాను పుట్టించుకుంటుంది. ఇది కదలకుండా కూర్చునే చలి. ఇన్నేళ్ళలో దాన్ని నేనెప్పుడూ ఎరగను.

ఏదన్నా తిందామని కోటు పైజేబులోంచి పేస్టీ తీశాను. అత్తగారు రాత్రి కాల్చి ఇచ్చింది, మాంసమూ దుంపలూ కూరి. ఇటికరాయిలా బిగుసుకుపోయింది, పన్ను దిగలేదు. ఫ్లాస్కులో కాఫీ అప్పటికే పూర్తిగా తాగేశాను.

వణుకు మొదలైంది. పళ్ళు టకటకలాడుతుంటే ఆ చప్పుడుకి దుప్పులు బెదురుతాయని కోటు కాలరు కొరికి పట్టుకున్నాను. దిగి వెళ్ళిపోదామా అని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆవిడ అరవై దాటిన మనిషి, నేను ఇరవైల్లో ఉన్నదాన్ని. ముందు నేను దిగి వెళ్తే ఆ ముఖంలో ఏం కనిపిస్తుంది? ఏమీ కనిపించదు. ఆ ఏమీ కనిపించకపోవడమే నాకు భయం. అందుకే బిగదీసుకుని కూర్చున్నాను.

అప్పుడు వచ్చింది దుప్పి. దేవదారు చిత్తడి వైపు నుంచి, కాలిబాట మీద తనే హక్కుదారులా, తీరిగ్గా. తల మీద చెట్టు కొమ్మల్లాంటి కొమ్ములు. డేల్ ఎన్నో ఫోటోలు చూపించాడు గానీ అంతటిది వాటిలో కూడా చూడలేదు. తోలు తొడుగు పళ్ళతో లాగేసి తుపాకి ఎత్తాను. పేల్చే ముందు వెనకున్న మీటను బొటనవేలితో వెనక్కి లాగాలి. వేలు మీట మీద ఆనింది. లాగాను. ఏమీ జరగలేదు. ఆ వేలు నాది కానట్టుంది. రెండు చేతులూ కలిపి ప్రయత్నించాను. దుప్పి నా కిందికే వచ్చి ఆగి, తలెత్తి నన్ను చూసింది. దాని ముక్కులోంచి వచ్చే ఆవిరి కనిపించేంత దగ్గర. ఓ క్షణం చూసి, తొందరేం లేకుండా అత్తగారి మంచె వైపు నడుచుకుంటూ పోయింది.

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఉండగా ఒక సంగతి గమనించాను. వణుకు ఆగిపోయింది.

అమ్మయ్య అనుకున్నాను. అదే అనుకున్నాను, ఇప్పటికీ గుర్తుంది. చలి తగ్గిందనుకున్నాను. ఒళ్ళంతా తేలికగా ఉంది, కళ్ళు మూతలు పడుతున్నాయి. నాన్న షాపులో ఉన్నట్టుంది. గెడ్డాల మీద కప్పే వేడి తువ్వాళ్ళ ఆవిరి, సబ్బు వాసన. కాసేపు పడుకుంటే ఏం పోయింది అనిపించింది.

"పిల్లా!"

ఎవరో ఎక్కడి నుంచో పిలుస్తున్నారు.

"డెలియా! ఇటు చూడు! నా వైపు చూడు!"

కింద అత్తగారు. టోపీ లేదు, నెరిసిన జుట్టు ముఖం మీద పడి ఉంది, రొప్పుతున్నారు. నేనేదో అన్నాను. ఏమన్నానో నాకే తెలియలేదు, నాలుక తిరగలేదు. ఆవిడ ఇంకో మాట మాట్లాడకుండా నిచ్చెనెక్కి వచ్చారు. నా తుపాకిలోంచి గుళ్ళు తీసేసి, తుపాకిని కింద మంచులోకి వదిలేశారు. తాడు నా చంకల కిందుగా చుట్టి, రెండో కొస అడ్డకర్రకు ఒక చుట్టు తిప్పి తన నడుముకు కట్టుకున్నారు.

"దిగాలి."

"వద్దు... బాగుంది ఇక్కడ."

"బాగానే ఉంటుంది. దిగు. ఎడం కాలు."

నా కాలెక్కడుందో నాకు తెలియలేదు. ఆవిడ నా కంటే ముందు నిచ్చెన మీదికి దిగి, నా బూటు తన చేత్తో పట్టుకుని ఒక్కో మెట్టు మీదా పెట్టారు. "ఇప్పుడు కుడి. ఆ. ఇప్పుడు ఎడం. శభాష్. ఇంకోటి." అలా చంటిపిల్లను దింపినట్టు దింపారు.

గాలికి కూలిన పెద్ద చెట్టొకటి అక్కడ వేళ్ళతో సహా లేచి గోడలా నిలబడి ఉంది. దాని చాటుకు నన్ను లాక్కెళ్ళి, బూటుతో మంచు తోసేసి, దేవదారు రెమ్మలు విరిచి పరిచి కూర్చోబెట్టారు. జేబులోంచి బిర్చి చెట్టు బెరడు చుట్ట తీసి అంటించారు. అది నూనెలో ముంచినట్టు భగ్గుమంది. ఎండుపుల్లలు వేసి మంట నిలబెట్టాక నా కోటు గుండీలు విప్పి లోపల చెయ్యి పెట్టి చూశారు. ఆవిడ ముఖం ఒక్కసారి మారింది.

"నూలా" అన్నారు. అంతే. తిట్టలేదు.

తడి బట్టలన్నీ లాగేశారు. తన కోటు విప్పి, ఊలు చొక్కా విప్పి, ఆ చొక్కా నాకు తొడిగి, పైన నా కోటు వేశారు. ఆవిడ ఒంటి వేడి ఇంకా దానిలో ఉంది. ఆ క్షణాన అంత గొప్ప వస్తువు భూమ్మీద ఇంకోటి లేదు నాకు. దురద సంగతి ఎవరికి గుర్తుంది? తరవాత నా బూట్లు లాగి మేజోళ్ళు ఊడదీశారు. పాదాలు కొవ్వొత్తుల్లా తెల్లగా ఉన్నాయి. నేను చేత్తో రుద్దుకోబోయాను.

"రుద్దకు! చర్మం ఊడొస్తుంది."

అని, తన కోటు ఒంటి మీద వేసుకుని నా ఎదురుగా కూర్చుని, లోచొక్కా పైకెత్తి నా రెండు పాదాలూ తీసి తన కడుపుకు ఆనించుకున్నారు. పైన కోటు కప్పేశారు. ఆ చల్లదనానికి ఆవిడ ఊపిరి ఒక్కసారి బిగబట్టడం తెలిసింది. కానీ పాదాలు వదల్లేదు. పెళ్ళయిన రెండేళ్ళలో ఆవిడ చెయ్యి కూడా తాకినట్టు గుర్తు లేదు నాకు. అలాంటిది నా పాదాలు ఆవిడ కడుపు మీద. వెనక్కి లాక్కోబోతే ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

"నిద్రపోకు. మాట్లాడు."

"ఏం... మాట్లాడను..."

"రోజంతా ఇంట్లో వాగుతూనే ఉంటావుగా. ఇప్పుడు దొరకలేదా మాట? ఆ ఎర్ర పులుసు ఎలా చేస్తావో చెప్పు."

"పులుసు కాదు... టమాటా సాస్."

"ఏదో ఒకటి. ముందేం వేస్తావు?"

"నూనె."

"ఎంత?"

"చాలా."

"అదీ సంగతి. మీ మామయ్య చొక్కాలన్నీ ఎందుకు బిగుతయ్యాయో ఇప్పుడు తెలిసింది. తరవాత?"

"వెల్లుల్లి."

"ఎన్ని రెబ్బలు?"

"పాయ... మొత్తం."

"ఒక పాయా! ఒక్క పూటకా! మా అమ్మ ఒక పాయతో ఏడాది గడిపేది."

నాకు నవ్వొచ్చింది. ముఖం సరిగా కదలక ఏదో వింత శబ్దం వచ్చింది. ఆ నవ్వుతో పాటే పొట్టలోంచి వణుకు మళ్ళీ లేచింది. చిన్నదిగా మొదలై, ఒళ్ళంతా కుదిపేసేలా. పాదాలు ఆవిడ కడుపు మీద డప్పు కొడుతున్నట్టు కొట్టుకున్నాయి. అత్తగారు కళ్ళు మూసుకుని తన భాషలో ఏదో గొణిగారు. తరవాత కళ్ళు తెరిచి, "వచ్చిందమ్మా వణుకు" అన్నారు. ఎవరో చుట్టం ఇంటికొస్తే అన్నట్టు అన్నారు ఆ మాట.

తన ఫ్లాస్కులో మిగిలిన కాఫీలో చక్కెర బిళ్ళలు ఎన్నో వేసి, చిన్న చిన్న గుక్కలుగా తాగించారు. తన లోజేబులోంచి పేస్టీ ముక్క తీసి నోట్లో పెట్టారు. మెత్తగా, గోరువెచ్చగా ఉంది. వేళ్ళలోకి రక్తం తిరిగొస్తుంటే నిప్పుల మీద పెట్టినట్టు మంట. ఏడ్చాను. "ఏడు, ఏడు. నొప్పి ఉందంటే వేళ్ళు ఉన్నట్టే" అన్నారు. ఇవన్నీ ఆవిడకెలా తెలుసని అడిగితే, వాళ్ళ నాన్న దుంగలు కొట్టే క్యాంపులో వాళ్ళమ్మ వంట చేసేదనీ, చిన్నప్పుడు అక్కడ చూశాననీ చెప్పారు.

మంట పక్కన అలా చాలాసేపు కూర్చున్నాం. మాట తేలిగ్గా వస్తున్నాక, ఇంకెప్పుడూ అడగలేనేమో అనిపించి అడిగేశాను.

"నా వంట మీకు నచ్చదు కదా అత్తయ్యా?"

"ఎవరన్నారు?"

"మీరెప్పుడూ మారు వడ్డించుకోరుగా."

"నేను మారు వడ్డించుకుంటే మీ మామయ్యకేం మిగులుతుంది? గిన్నె నాకేస్తాడు ఆ మనిషి. చూళ్ళేదా?"

"మరి బాగుందని ఒక్కసారైనా అనొచ్చుగా."

ఆవిడ మంటలో ఇంకో పుల్ల వేశారు. "తినేస్తున్నాం కదా" అన్నారు, నిజంగా అర్థం కానట్టు. "బాగుంటేనేగా తింటారు ఎవరైనా."

ఇంటికి నెమ్మదిగా నడుచుకుంటూ చేరాం. మధ్యాహ్నం డాక్టరు చూసి, వేళ్ళు నిలుస్తాయనీ, రెండు వేళ్ళకు తోలు ఊడుతుందనీ చెప్పాడు. "పాదాలకి మంట సెగ పెట్టకుండా ఇలా ఒంటికి ఆనించి వేడి చేసిందెవరు?" అని అడిగాడు. అత్తగారు గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డారు.

ఆ సాయంత్రం ఆవిడ పాకలో కట్టెలు సర్దుతుంటే, వంటింట్లో మామగారూ నేనూ ఉన్నాం. నా చుట్టూ మూడు దుప్పట్లు.

"పెద్దదటగా" అన్నారాయన.

"ఏది?"

"దుప్పి. అంత కొమ్ములు ఈ అడవిలో పదేళ్ళుగా చూళ్ళేదంది."

"ఆవిడ కూడా చూశారా? మరి పేల్చలేదేం?"

మామగారు నా వంక చూశారు. నాకు తెలుసనుకున్నట్టున్నారు. "చెప్పలేదా నీకు? చెప్పదులే. అది నీ మంచె వైపు నుంచి వస్తూ కనబడిందట, దూరంగా, చెట్ల చాటున. ఇంకాస్సేపు ఆగితే నేరుగా తన ముందుకే వచ్చేది. కానీ ఆ బాటన వచ్చిందంటే నీ కిందగా వచ్చి ఉండాలి. నీ తుపాకి చప్పుడు వినబళ్ళేదు. అది బెదరకుండా నడుస్తోంది. అయితే ఆ పిల్ల పేల్చలేని స్థితిలో ఉందన్నమాట, అనుకుందట. వెంటనే దిగేసింది. దుప్పి ఆమెను చూసి ఒక్క దూకు దూకి పోయింది."

చలికాలమంతా ఇంటిల్లిపాదీ తినే మాంసం. ఊళ్ళో అందరూ వచ్చి చూసిపోయే కొమ్ములు. కాస్సేపు ఆగితే చాలు. ఆ కాస్సేపు ఆవిడ ఆగలేదు. ఆగి ఉంటే నేను ఇంకా ఆ పలక మీద నాన్న షాపు గురించి కలగంటూ ఉండేదాన్ని.

దుప్పట్లతోనే పాకలోకి వెళ్ళాను. ఆవిడ కట్టెలు పేరుస్తూనే ఉన్నారు.

"దాన్ని ఎందుకు వదిలేశారు అత్తయ్యా?"

"చెప్పాడా ముసలాయన? నోట్లో ఒక్క మాట ఆగదు." ఇంకో రెండు కట్టెలు పేర్చి, చేతులు దులుపుకున్నారు. "అడవి నిండా దుప్పులున్నాయి. నాకు కోడలు ఒక్కతే ఉంది. లోపలికి పద, కాళ్ళకి మేజోళ్ళు కూడా లేకుండా వచ్చావు."

వేళ్ళు కాస్త కుదుటపడ్డాక, ఆ నెలలోనే మళ్ళీ అడవికి వెళ్తానన్నాను. మామగారు వద్దన్నారు. అత్తగారు నా ముఖంలోకి ఓసారి చూసి, "వెళ్ళనీ" అన్నారు. ఈసారి ఊలు లోచొక్కా నేనే తీసి తొడుక్కున్నాను. అది నిజానికి కాసేపే దురద పెడుతుంది, తరవాత ఒంట్లో కలిసిపోతుంది. ఒక్క జత మేజోళ్ళు, వదులు బూట్లు. కోటు వీపున కట్టుకుని, వణుక్కుంటూ, తీరిగ్గా నడిచాను. మంచె కింద నిలబడి ఒళ్ళు చల్లారనిచ్చి, మెడ తుడుచుకుని, అప్పుడు కోటు వేసుకున్నాను. కాళ్ళ కింద ఒక కంబళి ముక్క పరుచుకున్నాను. బూట్లలో వేళ్ళు ముడుస్తూ, చాపుతూ, లోజేబులోంచి పేస్టీ కొంచెం కొంచెం తుంచుకు తింటూ కూర్చున్నాను.

ఆ రోజు చలి మొదటి రోజుకంటే ఎక్కువ. చెట్ల మానులు చలికి ఫటఫటా పగులుతున్నాయి. నేను మాత్రం వెచ్చగా ఉన్నాను. పొయ్యి పక్కన కూర్చుంటే ఉండే వెచ్చదనం కాదు అది. చుట్టూ అంత చలి ఉండగా, మధ్యలో నా ఒళ్ళు తన వేడిని తాను కాచుకుంటూ, నిదానంగా, తృప్తిగా. ఒకరు తమ చేతుల్తో అల్లిన గూట్లో కూర్చున్నట్టు. ఎన్ని చలికాలాల సాయంత్రాలు ఆ సూదులు కదిలి ఉంటే ఈ చొక్కా అయిందో అనుకుంటే కళ్ళు చెమ్మగిల్లాయి. మంచు మీద ఎండ పడింది. ప్రపంచం మీద నాకు ఏ ఫిర్యాదూ లేకుండా పోయింది.

మధ్యాహ్నం ఒక కుర్ర దుప్పి వచ్చింది. చిన్న కొమ్ములు, రెండేసి కొనలు. ఆగి పక్కకు తిరిగింది. బొటనవేలు మీటను సులువుగా వెనక్కి లాగింది. ఒక్కటే పేల్చాను. నాలుగడుగులు వేసి మంచులో పడిపోయింది. దిగి వెళ్ళి, దాని మెడ మీద చెయ్యి వేసి కూర్చున్నాను. ఇంకా వెచ్చగా ఉంది. దానికేం చెప్పాలో తెలియక, మా అమ్మ నేర్పిన ప్రార్థన ఒకటి చెప్పాను.

అత్తగారు చప్పుడు విని వచ్చారు. దుప్పిని చూశారు, గుండు తగిలిన చోటు చూశారు, తరవాత నన్ను. నా తొడుగు లాగి, తన చేతుల్లోకి నా చెయ్యి తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటీ నొక్కి చూశారు.

"వెచ్చగా ఉన్నాయి" అన్నారు.

ఆవిడ నోట అంతకంటే పెద్ద మెచ్చుకోలు నేను తరవాతెప్పుడూ వినలేదు.

ఆ వారమే థాంక్స్‌గివింగ్ పండగ. పొరుగువాళ్ళు తమ వేటలోంచి ఒక తొడ తెచ్చి ఇచ్చారు. మామగారి కాలు విరిగిందని ఊళ్ళో ఎవరూ మర్చిపోలేదు. బల్ల మీద నా దుప్పి మాంసం, దుంపలు, యాలకుల రొట్టె. రేవు నుంచి డేల్ ఫోన్ చేసి నా గొంతు విని ఏడ్చినంత పని చేశాడు. మామగారు వాళ్ళ భాషలో ప్రార్థన చదివారు, నేను మా అలవాటు ప్రకారం శిలువ గుర్తు వేసుకున్నాను. అందరూ గరిటె అందుకోబోతుంటే, ఆగమన్నాను. మా ఇంట్లో అయితే ఒక ఉపన్యాసమే ఇచ్చేదాన్ని. ఆవిడకు అది ఇష్టముండదని తెలుసు. అందుకే మామగారి దగ్గర రహస్యంగా నేర్చుకున్న ఒక్క మాటే అన్నాను.

"కితోస్, అత్తయ్యా."

వాళ్ళ భాషలో కృతజ్ఞతలని. అత్తగారి చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ కంచంలోకి చూస్తూ, "కీ" అన్నారు.

"ఏంటి?"

"కితోస్ కాదు. కీతోస్. దీర్ఘం తియ్యాలి. మళ్ళీ అను."

"కీతోస్."

"చివర్న అంత నొక్కకు. మళ్ళీ."

"కీతోస్, అత్తయ్యా."

"ఇప్పుడు సరిగ్గా ఉంది" అని, పెద్ద ముక్క ఒకటి తీసి నా కంచంలో వేశారు.